ఒక స్లాటు, నాలుగు డ్రైవులు: లెక్క ఎక్కడ కుదురుతుంది?

మాఘం నుంచి జ్యేష్ఠం దాకా ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట చుట్టుపక్కల పెళ్ళిళ్ళ కవరేజీ చేసే స్టూడియోలను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఫుటేజీ దాచుకునే చోటు. ముహూర్తాలు దగ్గర దగ్గరగా పడితే ఒక పెళ్ళి మిక్సింగ్ పూర్తి కాకముందే ఇంకో పెళ్ళి మెమరీ కార్డులు బల్ల మీదికి వచ్చేస్తాయి. బతుకుతెరువుకు ఈ ఉద్దానం ఊళ్ళు వదిలి దూర ప్రాంతాలకు వెళ్ళినవాళ్ళు ఇంటి శుభకార్యాన్ని ఫోన్లో చూసుకోవాలని ఎదురుచూస్తుంటారు. హైలైట్స్ త్వరగా ఇవ్వాలి, పూర్తి వీడియో తర్వాత ఇవ్వాలి, అందాకా ఒక్క క్లిప్పు కూడా చెరపడానికి లేదు.

లెక్క వేస్తే బరువు తెలుస్తుంది. సెకనుకు 100 మెగాబిట్ల రేటుతో 4కే వీడియో తీసే కెమెరా గంటకు 45 జీబీ నింపుతుంది. మూడు కెమెరాలు, ఒక డ్రోను కలిసి పెళ్ళి మొత్తమ్మీద ఇరవై గంటలు రికార్డు చేశాయనుకుంటే 900 జీబీ. రేటు 200 మెగాబిట్లకు పెంచితే 1.8 టీబీ. మామూలు మదర్‌బోర్డు మీద ఎం.2 స్లాట్లు ఒకటో రెండో ఉంటాయి. అవి నిండాక కనబడేది అడాప్టర్ కార్డు: గ్రాఫిక్స్ కార్డు పెట్టే పొడవాటి స్లాటులో దూర్చే పలక, దాని మీద నాలుగు ఎస్ఎస్‌డీలు. ప్రకటనల్లో సెకనుకు 14 జీబీ, 28 జీబీ అని పెద్ద అంకెలుంటాయి.

ఆ అంకెలు ఏ షరతుల మీద నిజమవుతాయి, ఎవరి పనికి పనికొస్తాయి అన్నది ఈ సమీక్ష విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ కార్డుల వల్ల కలిగే అసలు మేలు చోటు పెరగడం, పనుల్ని విడివిడి డ్రైవులకు పంచుకోగలగడం. వేగం కోసం కొనేవాళ్ళలో ఎక్కువమందికి ఆ వేగాన్ని ఖర్చు పెట్టే పనే ఉండదు.

లేన్ల భాగహారం

సాటా తీగతో కలిపే ఎస్ఎస్‌డీ ఎంత మంచిదైనా సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఆ పద్ధతి తిరిగే పళ్ళేల హార్డ్ డిస్కుల కాలానిది. అందులో ఒకే వరుస, వరుసలో 32 ఆదేశాలు. 2011 మార్చిలో తొలి ప్రమాణం వెలువడిన ఎన్‌వీఎంఈ ఫ్లాష్ మెమరీ కోసమే పుట్టింది. వేల వరుసలు, వరుసకు వేల ఆదేశాలు అందులో సాధ్యం. ఈ డ్రైవు నేరుగా పీసీఐఈ లేన్ల మీద, అంటే ప్రాసెసర్‌కూ పరికరాలకూ మధ్య డేటా నడిచే దారుల మీద, మాట్లాడుతుంది. మూడో తరం పీసీఐఈలో లేనుకు సెకనుకు 985 ఎంబీ. నాలుగో తరంలో దానికి రెట్టింపు, ఐదో తరంలో మళ్ళీ రెట్టింపు. ఒక్కో డ్రైవు నాలుగు లేన్లు వాడుకుంటుంది కాబట్టి గరిష్ఠంగా మూడో తరంలో 3.9 జీబీ, నాలుగో తరంలో 7.8, ఐదో తరంలో 15.7.

గ్రాఫిక్స్ స్లాటులో లేన్లు పదహారు. పదహారును నాలుగుతో భాగిస్తే నాలుగు డ్రైవులు. అడాప్టర్ కార్డు మొత్తం నిలబడింది ఈ చిన్న భాగహారం మీదే. చిక్కు ఏమిటంటే, ఆ భాగహారం చేయాల్సింది కార్డు కాదు, ప్రాసెసర్. లేన్లు దాని నుంచే వస్తాయి, అవి కూడా లెక్కగా వస్తాయి. ఏఎండీ ఏఎం4 ప్రాసెసర్లలో 24: పదహారు గ్రాఫిక్స్‌కు, నాలుగు ఒక ఎం.2 స్లాటుకు, నాలుగు చిప్‌సెట్‌కు. ఏఎం5లో 28. ఇంటెల్ 12 నుంచి 14వ తరం దాకా గ్రాఫిక్స్‌కు పదహారు, ఒక ఎం.2కు నాలుగు. 2017లో వచ్చిన ఏఎండీ థ్రెడ్‌రిప్పర్‌లో 64, అదే ఏడాది సర్వర్ల కోసం వచ్చిన ఎపిక్‌లో 128. ఈ కార్డులకు బజారు ఏర్పడింది కూడా అప్పుడే. లేన్లు మిగిలిన యంత్రాలు వచ్చాక వాటిని వాడుకునే పరికరాలు వచ్చాయి.

బోర్డు మీద మిగతా స్లాట్లు చిప్‌సెట్ ద్వారా నడుస్తాయి. ఉదాహరణకు ఏఎండీ బీ550లో చిప్‌సెట్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్నది మూడో తరం లేన్లు నాలుగే. దీనికి పోలిక రైళ్ళలో ఉంది: గుణుపురం నుంచి పర్లాకిమిడి మీదుగా వచ్చే రైలు లైను నౌపడలో హౌరా-చెన్నై మెయిన్ లైనులో కలుస్తుంది. శాఖా లైను మీద ఎన్ని బళ్ళు వేసినా నౌపడ దాటాక మెయిన్ లైనులో దొరికిన ఖాళీని బట్టే నడవాలి. చిప్‌సెట్ మీది డ్రైవుల పరిస్థితీ అదే. రెండో ఎం.2, సాటా డిస్కులు, యూఎస్‌బీ, నెట్‌వర్క్ అన్నీ కలిసి ఆ 3.9 జీబీలోనే సర్దుకోవాలి.

మూడు రకాల కార్డులు

మొదటిది ఒక్క డ్రైవు కార్డు. నాలుగు లేన్ల స్లాటులో పెడితే ఒక ఎం.2 స్లాటు పెరుగుతుంది. తెలివితేటలేమీ లేని, చవకైన, దాదాపు ఎక్కడైనా పనిచేసే వస్తువు. చిన్న ఊళ్ళో ఎక్కువమందికి కావలసింది ఇదే అయినా దీని గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

రెండోది నాలుగు డ్రైవుల సాదా కార్డు. ఏసస్ హైపర్ ఎం.2 ఎక్స్16 ఇందులో బాగా తెలిసిన పేరు. గిగాబైట్, ఏఎస్‌రాక్, ఎంఎస్‌ఐ కూడా ఇలాంటివి తెచ్చాయి. పలక మీద తీగలు, ఒక అల్యూమినియం దిమ్మ, చిన్న ఫ్యాను తప్ప పెద్దగా ఏమీ ఉండవు. పదహారు లేన్లను నాలుగు నాలుగులుగా విడదీయడం ప్రాసెసర్, బయోస్ చేయాలి. దాన్నే బైఫర్కేషన్ అంటారు. బయోస్‌లో ఆ సౌకర్యం లేకపోతే నాలుగు డ్రైవులు బిగించినా కనిపించేది ఒక్కటే. "కార్డు పాడైంది" అని తిరిగి పంపే ముందు చూడాల్సింది ఈ సెట్టింగే. ఏసస్ బోర్డుల్లో ఇది పీసీఐఈ రెయిడ్ మోడ్ అన్న పేరుతో దాక్కుని ఉంటుంది.

మూడోది స్విచ్ చిప్ ఉన్న కార్డు. విడదీసే పని కార్డే చేసుకుంటుంది, బోర్డు సాయం అక్కర్లేదు. హైపాయింట్ ఎస్ఎస్‌డీ7101ఏ, నాలుగు డ్రైవుల్ని ఎనిమిది లేన్ల మీద నడిపే ఓడబ్ల్యూసీ యాక్సెల్సియర్ 4ఎం2 ఈ కోవవి. పెద్ద స్విచ్‌లకు పేరుమోసిన పీఎల్ఎక్స్ సంస్థను 2014లో అవాగో కొన్నది. తర్వాత బ్రాడ్‌కామ్‌ను కొని ఆ పేరే పెట్టుకుంది. ఈ చిప్‌లు ఖరీదైనవిగానే మిగిలాయి, అందుకే ఇలాంటి కార్డు ధర సాదా కార్డుకు ఎన్నో రెట్లు. ఏఎస్‌మీడియా తెచ్చిన చిన్న స్విచ్‌లు కొంత అందుబాటులో ఉంటాయి. వాటిలో నాలుగు లేన్లు పైకి, నాలుగేసి చొప్పున రెండు డ్రైవులకు కిందికి ఉన్నవి చిప్‌సెట్ స్లాటులో బాగా ఇముడుతాయి. నౌపడ సూత్రం ఇక్కడా మారదు: రెండు డ్రైవులూ ఒకేసారి పరుగెత్తితే పైనున్న నాలుగు లేన్లనే పంచుకుంటాయి. ఒకదాని తర్వాత ఒకటి పనిచేస్తే తేడా తెలియదు.

మన బోర్డు ఒప్పుకుంటుందా?

ప్రశ్న నిజంగా తెగేది ఇక్కడే. చవకలో అసెంబుల్ చేసే యంత్రాల్లో ఎక్కువగా కనిపించే ఇంటెల్ హెచ్610, బీ660, బీ760 బోర్డుల్లో ప్రాసెసర్ లేన్లు పదహారూ ఒకే కట్టగా వస్తాయి, విడదీయడం కుదరదు. జడ్690, జడ్790 లాంటి వాటిలో ఎనిమిది-ఎనిమిదిగా మాత్రమే విడిపోతాయి. అంటే 12 నుంచి 14వ తరం ఇంటెల్ యంత్రంలో నాలుగు డ్రైవుల సాదా కార్డు పెడితే, బోర్డును బట్టి ఒకటో రెండో కనబడతాయి. ఏఎండీ వైపు చాలా బోర్డులు నాలుగుగా విడదీస్తాయి. కాకపోతే పేరు చివర జీ ఉన్న రైజెన్ ప్రాసెసర్లలో కొన్నింటికి మూడే కుదురుతాయి, ఇంకొన్నింటికి అసలు లేన్లే తక్కువ.

అన్నిటికీ మించిన అడ్డు గ్రాఫిక్స్ కార్డు. ఎడిటింగ్ యంత్రంలో అది తప్పదు, అది కూర్చునేది ఆ పదహారు లేన్ల స్లాటులోనే. కింద ఇంకో పొడవాటి స్లాటు కనిపించినా అందులో లోపల తీగలు సాధారణంగా నాలుగు లేన్లకే ఉంటాయి. పొడవు చూసి కొన్నవాళ్ళు మోసపోయేది అక్కడే. లేన్లను ఎనిమిదేసిగా రెండు స్లాట్లకు పంచే మంచి బోర్డులో గ్రాఫిక్స్‌కు ఎనిమిది వదిలి మిగతా ఎనిమిదిలో రెండు డ్రైవులు పెట్టుకోవచ్చు. ఎనిమిది లేన్ల మీద గ్రాఫిక్స్ కార్డు ఎడిటింగ్‌లో నష్టపోయేది చాలా కొద్ది. మొత్తం నాలుగూ కావాలంటే థ్రెడ్‌రిప్పర్ తరగతి బోర్డో, స్విచ్ కార్డో కావాలి.

ఇంకో రెండు గోతులున్నాయి. ఎం.2 ఆకారంలోనే సాటా డ్రైవులూ దొరుకుతాయి. ఎన్‌వీఎంఈ కోసం చేసిన కార్డులో అవి పనిచేయవు. అలాగే సుమారు 2014కు ముందు బోర్డుల బయోస్‌కు ఎన్‌వీఎంఈ నుంచి విండోస్ లేపడం తెలియదు. వాటిలో ఈ డ్రైవును ఫైళ్ళు పెట్టుకోవడానికి వాడుకుని, విండోస్‌ను పాత సాటా ఎస్ఎస్‌డీలోనే ఉంచుకోవాలి.

ఇంత వేగం ఎవరికి?

నాలుగు కెమెరాల ఫుటేజీని ఒకే టైమ్‌లైన్‌లో నడిపితే, ఒక్కోటి 200 మెగాబిట్ల రేటున్నా మొత్తం సెకనుకు 100 ఎంబీ. సాటా ఎస్ఎస్‌డీ సామర్థ్యంలో ఐదో వంతు. మరి టైమ్‌లైన్ ఎందుకు ఆగి ఆగి నడుస్తుంది? చాలాసార్లు కారణం డీకోడింగ్. హెచ్.265లో 10 బిట్ 4:2:2గా తీసిన ఫుటేజీని విప్పే సర్క్యూటు ఎన్‌విడియా కార్డుల్లో 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 వరుస దాకా లేదు. ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్ల అంతర్గత గ్రాఫిక్స్‌లో అది అప్పటికే ఉంది. రైజెన్‌ల అంతర్గత గ్రాఫిక్స్‌లో లేదు. దీన్ని బట్టి ఒక విచిత్రం తేలుతుంది. నాలుగు డ్రైవుల కార్డుకు చోటిచ్చే రైజెన్ యంత్రం ఫుటేజీ విప్పడంలో వెనకబడవచ్చు, విప్పడంలో ముందున్న ఇంటెల్ యంత్రం కార్డును సగంలోనే ఆపుతుంది. నిల్వ వేగం చూసి ప్రాసెసర్ ఎంచుకున్నవాళ్ళు అసలు పనిలో నష్టపోయే ప్రమాదముంది. ప్రాక్సీ ఫైళ్ళు (చిన్న సైజు నకళ్ళు) చేసుకుని ఎడిట్ చేయడం ఏ కార్డూ లేకుండా ఈ బాధ తీరుస్తుంది.

కాపీ చేసేటప్పుడైనా వేగం కలిసొస్తుందా అంటే, అవతలి కొస చూడాలి. యూహెచ్ఎస్-2 ఎస్డీ కార్డు 300 ఎంబీ దగ్గర ఆగుతుంది. బ్యాకప్‌కు వాడే హార్డ్ డిస్కు 200 ఎంబీ అనుకుంటే 900 జీబీ పెళ్ళిని అందులోకి దించడానికి గంటంపావు. ఇవతల 14 జీబీ వేగమున్నా ఆ గంటంపావు అలాగే ఉంటుంది. ప్రాజెక్టు తెరవడం, థంబ్‌నెయిల్స్ నింపడం లాంటి చిన్న ఫైళ్ళ పనిలో నాలుగు డ్రైవుల కూటమికీ ఒక్క డ్రైవుకీ తేడా దాదాపు ఉండదు. ఆ పని ఒక్కో ఆదేశానికి పట్టే సమయం మీద ఆధారపడుతుంది, లేన్ల సంఖ్య మీద కాదు.

నిజంగా అవసరమున్నవాళ్ళు ఉన్నారు. హైదరాబాద్‌లో సినిమా గ్రాఫిక్స్ చేసేచోట కుదించని 4కే ఈఎక్స్ఆర్ ఫ్రేము ఒక్కోటి సుమారు 53 ఎంబీ. సెకనుకు 24 ఫ్రేములంటే 1.27 జీబీ. మూడు నాలుగు పొరలు ఒకేసారి నడపాలంటే ఒక మూడో తరం డ్రైవు చాలదు. 40 జీబీ ఏఐ మోడల్‌ను పదేపదే లోడు చేసేవాళ్ళకు సాటాలో పట్టే 73 సెకన్లు, వేగమైన కూటమిలో పట్టే మూడు సెకన్లు ఒకటి కావు. డ్రోను చిత్రాల నుంచి భూమి మ్యాపులు అల్లేవాళ్ళకు తాత్కాలిక ఫైళ్ళు వందల జీబీలు ఊరుతాయి. వాటికి విడిగా ఒక వేగమైన డ్రైవు ఉంటే పని సాఫీగా సాగుతుంది. ఇక 2025 అక్టోబరులో విశాఖకు గూగుల్ ప్రకటించిన స్థాయి డేటా సెంటర్ల దారి వేరు. అక్కడ డ్రైవులు సర్వర్ ముందువైపు అరల్లో ఉంటాయి, యంత్రం ఆపకుండానే మార్చుకోవచ్చు. అడాప్టర్ కార్డు ఆ వసతి లేని బల్లమీది కంప్యూటర్ కోసం.

కలిపి కట్టడం, విడిగా ఉంచడం

నాలుగు డ్రైవుల్ని రెయిడ్ జీరోగా కలిపితే ప్రతి ఫైలూ ముక్కలై నాలుగింటిలో పడుతుంది. ప్రకటనల్లోని పెద్ద అంకె దీన్నుంచే వస్తుంది. ఒక డ్రైవు ఏడాదిలో పాడయ్యే అవకాశం నూటికి ఒకటి అనుకుంటే, కూటమి మొత్తం పోయే అవకాశం నూటికి దాదాపు నాలుగు. ఒక్కటి పోయినా నాలుగింటిలోని పెళ్ళిళ్ళూ పోతాయి. మళ్ళీ తీయడానికి వీల్లేని పనికి ఇది పెట్టకూడని పందెం.

సాఫ్ట్‌వేర్ కొరత లేదు. థ్రెడ్‌రిప్పర్‌కు ఏఎండీ 2017లో ఎన్‌వీఎంఈ రెయిడ్‌ను ఉచితంగా ఇచ్చింది. ఇంటెల్ రెయిడ్ ఏర్పాటైన వీరాక్‌ను పూర్తిగా వాడుకోవడానికి విడిగా తాళంచెవి లాంటి చిన్న పరికరం కొనాల్సి వచ్చింది. విండోస్‌లో స్టోరేజ్ స్పేసెస్, లినక్స్‌లో ఎండీఏడీఎం, జెడ్‌ఎఫ్‌ఎస్ ఉండనే ఉన్నాయి. వీటితో రెండు డ్రైవుల్లో ఒకే ప్రతి ఉంచే రెయిడ్ వన్ కట్టుకోవచ్చు. అది డ్రైవు చెడిపోవడం నుంచి కాపాడుతుంది కానీ పొరపాటున చెరపడం నుంచి, దొంగతనం నుంచి, తుపాను నీటి నుంచి కాపాడదు. పెళ్ళి స్టూడియోకు నేను చెప్పేది ఇంతకన్నా సాదా పద్ధతి: విండోస్‌కు ఒక డ్రైవు, నడుస్తున్న పెళ్ళిళ్ళకు ఒకటి, క్యాష్‌కూ ఎక్స్‌పోర్టుకూ ఇంకొకటి. చదివే డ్రైవు, రాసే డ్రైవు వేరైతే రెండూ ఒకదాన్నొకటి ఆపుకోవు. ఒకటి పోతే ఒకటే పోతుంది.

పెట్టె మీది అంకె గురించి ఇంకో మాట. చవక డ్రైవులు మొదట్లో కొంత భాగాన్ని వేగమైన క్యాష్‌గా వాడుకుంటాయి. అది నిండాక రాత వేగం పడిపోతుంది. కొన్ని క్యూఎల్‌సీ (ఒక్కో మెమరీ గదిలో నాలుగు బిట్లు నింపే) డ్రైవుల్లో హార్డ్ డిస్కు స్థాయికీ దిగుతుంది. 900 జీబీ ఒకేసారి దించేవాళ్ళకు ఇది వెంటనే తగిలే సంగతి. అలాంటి నాలుగు కలపడం కన్నా మంచి టీఎల్‌సీ (గదికి మూడు బిట్ల) డ్రైవు ఒకటి కొనడం మేలు.

కరెంటు, వేడి, ఉప్పుగాలి

2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. చాలా ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. ఈ తీరంలో నిల్వ గురించి మాట్లాడేటప్పుడు వీటిని పక్కన పెట్టలేం. సర్వర్ల కోసం చేసే డ్రైవుల్లో కరెంటు హఠాత్తుగా పోయినా చేతిలో ఉన్న డేటాను రాసి ముగించడానికి కెపాసిటర్లు ఉంటాయి. మామూలు ఎం.2 డ్రైవుల్లో ఉండవు. ముక్కలు ముక్కలుగా రాసే కూటమిలో రాత మధ్యలో కరెంటు పోతే చిక్కు ఇంకా పెద్దది. కార్డుకన్నా ముందు కొనాల్సింది యూపీఎస్.

కార్డు లోపలి కరెంటూ చూడాలి. ఎం.2 డ్రైవు 3.3 వోల్టుల మీద నడుస్తుంది. పీసీఐఈ స్లాటు ఆ వోల్టేజీలో ఇచ్చేది మూడు ఆంపియర్లు, అంటే పది వాట్ల లోపు. జోరుగా పనిచేసే నాలుగో తరం డ్రైవు ఒక్కటే ఏడెనిమిది వాట్లు తాగుతుంది. కాబట్టి నాలుగు డ్రైవుల కార్డు మీద 12 వోల్టుల్ని 3.3కు దించే సర్క్యూటు గట్టిగా ఉండాలి. పేరూ ఊరూ లేని కార్డుల్లో ముందుగా బలహీనపడేది అదే.

డెబ్బై ఎనభై డిగ్రీల సెల్సియస్ దగ్గర డ్రైవులు తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. వైశాఖం ఉక్కపోతలో, ఏసీ లేని గదిలో, గ్రాఫిక్స్ కార్డు వేడిగాలి కిందే కూర్చున్న కార్డు త్వరగా అక్కడికి చేరుతుంది. అల్యూమినియం దిమ్మ, దాని మీదుగా గాలి తప్పనిసరి. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుతేమ స్లాటు అంచుల్ని మసకబారుస్తుంది. డ్రైవు ఉన్నట్టుండి మాయమైతే కార్డు తీసి అంచులు తుడిచి మళ్ళీ బిగించి చూడాలి. చవక కార్డు మీద నాలుగో తరం వేగంలో తప్పులొస్తుంటే బయోస్‌లో ఆ స్లాటును మూడో తరానికి దించితే చాలాసార్లు నిలకడగా నడుస్తుంది. పైన చెప్పిన లెక్కల ప్రకారం ఎడిటింగ్‌లో ఆ తగ్గుదల తెలియదు కూడా.

వేరే దారులు

సెకనుకు పది గిగాబిట్ల యూఎస్‌బీ పెట్టెలో పెట్టిన ఎన్‌వీఎంఈ డ్రైవు దాదాపు ఒక జీబీ వేగం ఇస్తుంది. నాలుగు పెళ్ళిళ్ళ ఫుటేజీ ఒకేసారి నడిపినా అది చాలు. సంచిలో వేసుకుని బరంపురం ల్యాబ్‌కు తీసుకెళ్ళవచ్చు, తుపాను హెచ్చరిక వస్తే మేడ మీదికి మోసుకుపోవచ్చు. కార్డు మీది డ్రైవుకు ఆ వీలు లేదు. పూర్తయిన పనుల్ని దాచడానికి హార్డ్ డిస్కు ఇప్పటికీ టీబీకి అతి తక్కువ ధర. పైగా ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ఫ్లాష్ మెమరీ ధరలు పెరిగాయి. హైదరాబాద్‌లో పెద్ద అభివృద్ధి కేంద్రం నడుపుతున్న మైక్రాన్, క్రూషియల్ పేరుతో సాగిన తన వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటప్పుడు నాలుగు ఎస్ఎస్‌డీల్ని పాత పెళ్ళిళ్ళతో నింపి ఉంచడం డబ్బు దండగ.

ఏం కొనాలి?

ఒకటి రెండు కెమెరాల స్టూడియోకు ఒక్క డ్రైవు కార్డో, యూఎస్‌బీ పెట్టో చాలు. నెలకు అరడజను పెళ్ళిళ్ళు చేస్తూ ఇద్దరు ముగ్గురు ఎడిటర్లున్న చోట చిప్‌సెట్ స్లాటులో రెండు డ్రైవుల స్విచ్ కార్డు మంచి మధ్యేమార్గం. డ్రైవులు విడివిడిగానే ఉంచాలి. నాలుగు డ్రైవుల సాదా కార్డు, బైఫర్కేషన్ ఉన్న బోర్డూ ఖాళీ పదహారు లేన్లూ ముందే ఉన్నవారికి బంగారం లాంటి బేరం. దాని కోసమే కొత్త యంత్రం కొనేవారికి కాదు. నాలుగు డ్రైవుల రెయిడ్ జీరో గ్రాఫిక్స్, ఏఐ, మ్యాపింగ్ పనుల్లో తాత్కాలిక ఫైళ్ళకే పరిమితం కావాలి.

కొనే క్రమం కూడా ఇదే: ముందు బోర్డు మాన్యువల్‌లో లేన్ల పట్టిక చదవడం, తర్వాత యూపీఎస్, ఆ తర్వాత బ్యాకప్ డిస్కులు, చివరికి కార్డు. ఫుటేజీకి రెండో ప్రతి లేని స్టూడియో సెకనుకు ఎన్ని జీబీలు చదవగలదన్నది పెళ్ళివారికి అక్కర్లేని లెక్క. ఆ రెండో ప్రతికి డబ్బు మిగలని బడ్జెట్‌లో నాలుగు స్లాట్ల కార్డుకు చోటు లేదు.